మా తాతమ్మ బైబిలు స్త్రీ, ఆవిడ నోటుబుక్కు దొరికింది. వీళ్ళ చరిత్ర తెలిసినవాళ్ళు చెప్తారా?

పలకాబలపం అడిగారు:

అందరికీ వందనాలు. మా సంఘంలో వచ్చే నెల స్త్రీల సమాజం వార్షికోత్సవం ఉంది. ఈసారి పాటలు, వాక్యాల పోటీలతో పాటు ఎవరైనా ఒకళ్ళు లేచి అసలు మన ఊళ్ళల్లో ఆడవాళ్ళ పరిచర్య ఎట్లా మొదలైందో ఒక పావుగంట మాట్లాడండమ్మా అని పాస్టరమ్మ గారు అడిగితే ఎవరూ పలకలేదు, నేను చెయ్యెత్తాను. ఎందుకంటే మా తాతమ్మ, అంటే మా అమ్మమ్మ వాళ్ళమ్మ, బైబిలు స్త్రీగా, అంటే ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకి బైబిలు సంగతులు, చదువు చెప్పే మనిషిగా పనిచేసింది. నరసరావుపేట చుట్టుపక్కల పల్లెలన్నీ నడిచింది అని విన్నా. నేను పుట్టకముందే పోయింది.

పోయిన సంక్రాంతికి అమ్మమ్మ వాళ్ళింట్లో అటక దులుపుతుంటే ఒక రేకుపెట్టె కనపడింది, అందులో ఒక గుడ్డ సంచి, కళ్ళజోడు పెట్టుకునే డబ్బా, ఒక నోటుబుక్కు. అట్ట ఊడిపోయి ఒక మూల చెదలు తిన్నాయి. వాక్యాలో ప్రార్థనలో రాసుకుని ఉంటుంది అనుకుని తెరిచా, అవేం లేవు, మొత్తం ఇళ్ళ లెక్క. పేజీకి ఒక ఊరు, వరసకి ఒక ఇల్లు. ఎవరి పేరూ రాయలేదు, "కరణం గారి చిన్న కోడలు", "బావి పక్క ఇల్లు, రెండో ఆమె", "షావుకారు చెల్లెలు, విధవ" ఇట్లా ఉన్నాయి. వాటికి ఎదురుగా పెన్సిలుతో "గుణింతం అయినది, ఒత్తులు రావు", "మూడో పాఠం, బిడ్డకు జ్వరం, చదవలేదు", "అత్తగారు వద్దన్నది, మరల వెళ్ళవలెను". ఆ మరల వెళ్ళవలెను అన్న మాట ఒకే ఇంటి ఎదురుగా ఏడుసార్లు ఉందండి. ఏడో దాని కింద "అ ఆ మొదలు" అని ఉంది. నేను అటక మీదే కూర్చుని ఏడ్చేశా.

ఇప్పుడు నా బాధ ఏంటంటే నెట్‌లో ఎంత వెతికినా దొరలు, దొరసానుల జీవిత చరిత్రలే వస్తున్నాయి, ఈ బైబిలు స్త్రీలు ఎవరు, ఈ పని ఎక్కడ పుట్టింది, ఇంటింటికీ ఎందుకు తిరిగారు, వీళ్ళకి ట్రైనింగ్ ఎవరిచ్చారు, ఇవేమీ దొరకట్లేదు. పైగా మా బావ ఒకడు "మతం మార్చడానికి తిప్పారు, అంతకన్నా ఏముంది అందులో" అన్నాడు. వాడికి కోపంగా కాకుండా ఉన్నది ఉన్నట్టు జవాబు చెప్పాలని ఉంది. పెద్దవాళ్ళు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

బ్రాడీపేట మాష్టారు:

అమ్మా, ఆ పుస్తకం జాగ్రత్త. ముందు ప్రతి పేజీ ఫోటో తీసి పెట్టు, చెదలు పట్టిన కాగితం ఎక్కువసార్లు తిప్పితే పొడైపోతుంది.

నేను గుంటూరులో ముప్ఫై ఏళ్ళ పైన మిషన్ స్కూల్లో పనిచేసి రిటైరైన మనిషిని, తెలిసింది చెప్తా. ఈ బైబిలు స్త్రీ అన్న ఉద్యోగం మొదలైంది మన దేశంలో కాదు, లండన్‌లో. 1857లో ఎలెన్ రన్యార్డ్ అనే ఆవిడ సెవెన్ డయల్స్ అనే పేటలో తిరిగింది, ఆ రోజుల్లో అది పరమ దరిద్రపు పేట. ఆ ఇళ్ళల్లోకి తనలాంటి గొప్పింటి ఆడవాళ్ళు వెళ్తే తలుపు తియ్యరని ఆవిడకి అర్థమైంది, అందుకని అదే పేటలో బతికే మేరియన్ అనే పేదావిడని పనిలో పెట్టింది. ఆ మేరియన్ వారానికి ఒక పెన్నీ చొప్పున వాయిదాల మీద బైబిళ్ళు అమ్మేది, మంచాన పడ్డవాళ్ళకి సాయం చేసేది. ఆ వీధిలోకి ఆ వీధి మనిషే పోగలదు అన్న ఒక్క ముక్క పట్టుకునే ఇదంతా పెరిగింది, అక్కణ్ణించి ఇండియాకీ చైనాకీ వచ్చింది.

మన దగ్గర అవసరం ఇంకా గట్టిది. ఘోషా ఇళ్ళల్లోకి, అంటే ఆడవాళ్ళు పరాయి మగవాళ్ళ కంట పడకుండా ఉండే ఇళ్ళల్లోకి, మగ ఉపదేశి అడుగు పెట్టలేడు కదా. ఉత్తరాదిన జెనానా అంటారు, మనవైపు ఘోషా అనే మాటే వాడుక. విశాఖపట్నంలో ఆడవాళ్ళ ఆసుపత్రిని ఇప్పటికీ ఘోషాసుపత్రి అనే పిలుస్తారు చూడు, ఆ మాట అట్లా మిగిలిపోయింది. కాబట్టి ఆ ఇళ్ళకి ఆడవాళ్ళే వెళ్ళాలి. అయితే అటు అమెరికాలో మిషన్ బోర్డుల్లో కూర్చున్నది అందరూ మగవాళ్ళే, పెళ్ళికాని ఆడవాళ్ళని పంపడం వాళ్ళకి ఇష్టం ఉండేది కాదు. అప్పుడు అక్కడి చర్చి ఆడవాళ్ళు సొంతంగా సంఘాలు పెట్టుకుని చిల్లర చిల్లరగా పోగేసి మనుషుల్ని పంపడం మొదలుపెట్టారు. మెథడిస్టు ఆడవాళ్ళు 1869లో బోస్టన్‌లో మొదలుపెడితే మరుసటి ఏడాదికే ఇసబెల్లా థోబర్న్, డాక్టర్ క్లారా స్వెయిన్ ఉత్తరాదిలో దిగారు. మన లూథరన్ల వైపు ఆడవాళ్ళ సంఘం 1879లో పెట్టారు.

ఆ సంఘం పంపిన మనిషే మన గుంటూరు డాక్టర్ అన్నా కుగ్లర్. ఇక్కడే ఒక సంగతి గుర్తుపెట్టుకో, మీటింగులో చెప్పు. ఆవిడ పెన్సిల్వేనియాలో ఆడవాళ్ళ మెడికల్ కాలేజీలో 1879లో డాక్టరు చదువు పూర్తిచేసింది. 1883 చివర్లో గుంటూరు వచ్చేటప్పుడు ఆవిణ్ణి డాక్టరుగా పంపలేదు, బోర్డు అందుకు సిద్ధంగా లేదు. ఘోషా ఇళ్ళల్లో చెప్పడానికి, ఆడపిల్లల బళ్ళు చూడ్డానికి పంపారు. ఆవిడ ఆ ఇళ్ళకి పోయి చూస్తే లోపల బాలింతలు, జ్వరాల పిల్లలు, మగ డాక్టరుకి చెయ్యి కూడా చూపించని ఆడవాళ్ళు. వైద్యం చెయ్యకుండా ఎట్లా ఉంటుంది చెప్పు. రెండేళ్ళకి 1885లో మిషన్ డాక్టరుగా వేశారు, ఆ తర్వాత డిస్పెన్సరీ, 1898 జూన్‌లో ఆసుపత్రి. ఏలూరు రాజా గారు రోగుల బంధువులు దిగడానికి ఆసుపత్రి దగ్గర సత్రం కట్టించి ఇచ్చారు. 1930 జులైలో గుంటూరులోనే కన్నుమూసింది. ఇప్పటికీ మనం కుగ్లర్ ఆసుపత్రి అనే అంటాం.

సరే, ఆవిడ పేరు ఆసుపత్రికి ఉంది. కానీ ఆ మిస్సమ్మ ఏ ఇంటికి పోయినా పక్కన ఒక తెలుగావిడ ఉండేది. మిస్సమ్మ మొదటిసారి వస్తే వింతగా చూడ్డానికి తలుపు తీస్తారు, ఆ తర్వాత వారంవారం వెళ్ళి పలక మీద చెయ్యిపట్టి దిద్దించింది బైబిలు స్త్రీ. మిషన్ రిపోర్టుల్లో చాలాచోట్ల వీళ్ళది ఒక అంకె, ఇంతమంది బైబిలు స్త్రీలు పనిచేస్తున్నారు అని, అంతే. మీ తాతమ్మ వాళ్ళ పేర్లు రాయలేదు, రిపోర్టు రాసినవాళ్ళు మీ తాతమ్మ పేరు రాయలేదు. నాకు ఇది తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

ట్రైనింగ్ సంగతి అడిగావు. గుంటూరు మిషన్, రాజమండ్రి మిషన్ కలిసి 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం అయ్యాయి కదా, రాజమండ్రిలో షార్లెట్ స్వెన్సన్ మెమోరియల్ బైబిల్ ట్రైనింగ్ స్కూలు ఉండేది, బైబిలు స్త్రీలని తయారుచెయ్యడానికే. 1895లో వచ్చి 1908లో ఇక్కడే చనిపోయిన ఒక మిషనరీ పేరు మీద పెట్టారు. మీ తాతమ్మ ఆ కాలం మనిషైతే అక్కడ చదివి ఉండొచ్చు, పెట్టెలో సర్టిఫికెట్ లాంటిది ఏమైనా ఉందేమో చూడు.

గుండ్లకమ్మ:

మాష్టారు చెప్పింది బాగుంది కాని అంతా గుంటూరు లూథరన్ల వైపే చెప్పారు, మా ఒంగోలు నెల్లూరు బాప్టిస్టుల సంగతి కూడా చెప్పాలి, లేకపోతే సగమే అవుతుంది. ఒంగోల్లో కొండ ఉంది, ప్రేయర్ మీటింగ్ హిల్ అంటాం. 1854 జనవరి 1 తెల్లారుజామున చీకట్లో అయిదుగురు ఎక్కారు ఆ కొండ. అప్పటికి అమెరికా బాప్టిస్టు బోర్డువాళ్ళు తెలుగు మిషన్ దండగ, మూసేద్దామా అని మాట్లాడుకునే రోజులు. ఆ అయిదుగురూ ఎవరంటే జూయెట్ దొర, దొరసాని, క్రిస్టియన్ నర్సు అనే తెలుగాయన, ఇంకా జూలియా, రూతు. అంటే అయిదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు, ఇద్దరు తెలుగు ఆడవాళ్ళు. మాకు సండేస్కూల్లో ఈ కథ చెప్పినప్పుడల్లా జూయెట్ దొర కొండెక్కాడు అనే చెప్పేవాళ్ళు, జూలియా రూతుల పేర్లు నాకు పెళ్ళయ్యాక తెలిశాయి! మీ మీటింగులో ఆ రెండు పేర్లు గట్టిగా పలకండి దయచేసి.

తర్వాత క్లౌ దొర అనే బాప్టిస్టు మిషనరీ 1866లో ఒంగోలు వచ్చాడు. యెర్రగుంట్ల పేరయ్య అని తోళ్ళ బేరం చేసుకునే మాదిగాయన ఆ ఏడే బాప్తిస్మం తీసుకున్నాడు, భార్యతో కలిసి. చూడండి, ఒక్కడే కాదు, ఆలూమగలు. పల్లెల్లో ఏ గడపకి పోయినా మొగాయన వింటే సరిపోదు, పొయ్యి దగ్గర కూర్చున్న ఆమె వినాలి, జాతరకి, శివాలెత్తడానికి, బిడ్డకి తాయెత్తు కట్టడానికి మాట చెల్లేది ఆమెదే. 1876 నుంచి 78 దాకా ధాత కరువు, క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు పట్టి జనానికి కూలి ఇప్పించాడు, కరువు తగ్గాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారు. ఈ లెక్క అందరికీ నోటికొచ్చు. కాని ఆ రెండువేల మందికి తర్వాత వారం ఎవరు చెప్పారు, వాళ్ళ ఆడవాళ్ళకి ఎవరు చదువు చెప్పారు, అది ఎవరూ అడగరు. ఊరూరా తిరిగిన బోధకుల భార్యలు, బైబిలు స్త్రీలు వాళ్ళే గదా.

ఇంకొకటి, ఎమ్మా రౌషెన్‌బుష్ అని 1882లో వచ్చిన మిస్సమ్మ, తర్వాత క్లౌ దొరని పెళ్ళి చేసుకుంది. ఆవిడ మాదిగ కుటుంబాల దగ్గర కూర్చుని వాళ్ళ పెద్దల కథలు అడిగి విని 1899లో పుస్తకంగా తెచ్చింది. అందులో దొరల గొప్పలు కాకుండా చెప్పులు కుట్టుకునే మన జనం మాట్లాడతారు. ఆవిడ ఆ పని చెయ్యకపోతే ఆ మాత్రం కూడా మిగిలేది కాదు.

మా అమ్మ చెప్పే సంగతి ఒకటి చెప్పి ఆపుతా. పిడికెడు బియ్యం తెలుసుగా మీ అందరికీ. మా నాయనమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు గుప్పెడు తీసి పొయ్యి పక్కనున్న చిన్న ముంతలో వేసేది, కలిగినా కలక్కపోయినా. ఇంట్లో అందరికీ సరిపోని రోజు కూడా తన వాటాలోది తగ్గించుకుని ఆ గుప్పెడు వేసేదంట. ఆదివారం ముంతెడు తీసుకెళ్ళి చర్చిలో పోసేది, ఆ బియ్యం అమ్మి మా పల్లెకొచ్చే బైబిలు స్త్రీకి ఇచ్చేవాళ్ళు. అమెరికా డబ్బుతో నడిచింది అంటారు అందరూ, నడిచింది, కాదనను. ఆ ముంత సంగతి కూడా లెక్కలో రాయాలి గదండీ.

బందరు కాలవ:

నేను క్రైస్తవురాలిని కాదు, మాది బ్రాహ్మణ కుటుంబం, ఈ ప్రశ్న చూసి చదివి వెళ్ళిపోదామనుకున్నా, ఆ నోటుబుక్కులో "కరణం గారి చిన్న కోడలు, ఒత్తులు రావు" అన్నది చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మా అమ్మమ్మది బందరు. అక్కడ నోబుల్ దొర బడి 1843 నుంచి ఉంది కానీ అది మగపిల్లలకి. ఆడవాళ్ళ కోసం 1880లో ఇంగ్లండులో పెట్టిన జెనానా మిషనరీ సొసైటీ వాళ్ళు బందరులో కూడా పనిచేశారు. మా అమ్మమ్మ వాళ్ళింటికి మంగళవారం మధ్యాహ్నం ఒక బైబిలమ్మ వచ్చేదట, తెల్లచీర, నల్ల గొడుగు. మగవాళ్ళు కోర్టుకి వెళ్ళాక దొడ్డి గుమ్మంలోంచి రావాలి, వెనక వసారాలో చాప వేసేవాళ్ళు. ఆవిడ వెళ్ళాక ఆ చాప తడిపి ఆరేసేవాళ్ళు. ఈ ముక్క చెప్పేటప్పుడు అమ్మమ్మ గొంతు తగ్గిపోయేది. "ఆవిడ సందు మలుపు తిరక్కుండానే తడిపేవాళ్ళమే, ఆవిడకి తెలుసు, అయినా మళ్ళీ మంగళవారం వచ్చేది" అనేది.

ముందు ఒక కథ చెప్పి, పాట పాడి, తర్వాత పలక తీసేదట. అమ్మమ్మకి పదమూడేళ్ళు, కాపరానికొచ్చి ఏడాది. పలక బియ్యపు గుమ్మి వెనక దాచుకునేది. చదవడం వచ్చాక చేసిన మొదటి పని వాళ్ళమ్మకి సొంతంగా కార్డు రాయడం, అప్పటిదాకా మామగారు రాస్తే ఆయన ఎదురుగా చెప్పుకోగలిగినవే రాయించేది. ఆ కార్డులో ఏం రాసిందో ఎంత అడిగినా చెప్పలేదు, నవ్వి ఊరుకునేది.

మా ఇంట్లో ఎవరూ మతం మారలేదు. మీ బావగారికి ఇది చెప్పండి. ఆవిడ వచ్చింది క్రీస్తు గురించి చెప్పడానికే, అందులో దాపరికం ఏమీ లేదు, ప్రతి వారం చెప్పేది కూడా. కానీ అమ్మమ్మ మారదని తెలిశాక కూడా రావడం మానలేదు. వీరేశలింగం గారు 1874లోనే ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు, ఆ మహానుభావుడికి దణ్ణం పెట్టాల్సిందే, అయితే గడప దాటనివ్వని ఇళ్ళకి బడి తనంతట తాను నడిచి వెళ్ళదు కదా. మా ఇంటికి నడిచొచ్చిన బడి ఆవిడే. పేరు తెలియదు మాకు. బైబిలమ్మ అనే అన్నారు చివరిదాకా.

నర్సాపురం లేసు అల్లిక కూడా మిషనరీ దొరసానుల దగ్గరనుంచి వచ్చిందే, ఇల్లు కదలని ఆడవాళ్ళు వసారాలో కూర్చుని నాలుగు డబ్బులు చూశారు. అదో పెద్ద కథ, దళారులు దోచుకోవడం కూడా అందులో ఉంది, ఇంకోసారి రాస్తా.

మెతుకు సీమ:

అక్కా, మా దిక్కు ముచ్చట గూడ కొంచెం ఇను. మాది మెదక్ జిల్లా. మెదక్ పెద్ద చర్చి అందరికీ తెల్సు, పోస్నెట్ దొర అనే మిషనరీ కరువు కాలంల జనానికి పని సూపియ్యనీకె కట్టిచ్చిండు, 1924 క్రిస్మస్ నాడు తెరిసిన్రు. పోస్నెట్ దొర తోడబుట్టినామె ఎమిలీ, ఆమెతోని సారా హారిస్ అనే ఇంకో ఆమె, వీళ్ళిద్దరు మా ఊర్ల ఆడోళ్ళ మధ్యల ఏండ్లకేండ్లు పనిజేసిన్రు. చర్చి సూడనీకె బస్సులేస్కొని వస్తరు గని వీళ్ళ గురించి అడిగేటోళ్ళు లేరు.

డోర్నకల్ దిక్కు ఇంకో తీరు. అజరయ్య అయ్యగారు 1912ల బిషప్ అయిండు, ఆంగ్లికన్ సంఘంల, అంటే ఇంగ్లండ్ చర్చి సంఘంల, మొట్టమొదటి ఇండియా బిషప్ ఆయననే. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్, తిరునెల్వేలి దిక్కుకెల్లి వచ్చిన తమిళామె, మన తెలుగు ఊర్లల్ల మదర్స్ యూనియన్ పనిల ముందు నడిసింది. మదర్స్ యూనియన్ అంటే ఇంగ్లండ్‌ల మేరీ సమ్నర్ అనే అయ్యగారి భార్య 1876ల వాళ్ళ ఊరి తల్లులను కూడేసి పెట్టింది. మన తాన ఎట్లయిందంటే ఊరి పంతులు భార్య ముందుగాల నేర్చుకోవాలె, ఆమె ఊర్ల ఆడోళ్ళకు నేర్పాలె, పొల్లగాండ్లను శుభ్రంగ పెట్టుడు, తాగుడు మీద కొట్లాడుడు, చిన్న పిల్లల లగ్గాలు ఆపుడు, ప్రార్థన అన్నీ ఒక్క కాడనే. మాల మాదిగ వాడల మార్పు సూసే 1920, 30ల దొర్ల, రైతుల కుటుంబాల వాళ్ళు గూడ కొందరు సంఘంలకు వచ్చిన్రు, అది అజరయ్య అయ్యగారు గూడ చెప్పిండు. 1947 సెప్టెంబర్ 27ల సంఘాలన్నీ కలిసి సి.ఎస్.ఐ., అంటే దక్షిణ ఇండియా సంఘం, అయినంక గిదే పని స్త్రీల మైత్రి పేరుతోని నడుస్తున్నది.

మా పెద్దమ్మ బైబిలు స్త్రీ. పురుషోత్తమ చౌధరి గారి కీర్తనలు పుస్తకం లేకుంట పాడుతుండె, సదువురానోళ్ళకు ముందుగాల పాట నేర్పి, ఆ పాటల అక్షరాలు గుర్తువట్టిచ్చి సదువు నేర్పుతుండె. వానల వాగు దాటుకుంట పోయేది, సంచి నెత్తి మీద పెట్టుకొని. ముసలిదయినంక పనిజేసినకాడ అడిగితె నీ పేరు మీద కాయితాలు లేవమ్మా అన్నరట. ఇర్వై ఆరేండ్లు తిరిగిన మనిషికి పింఛను రాలె. నాకు ఇది ఇప్పటికీ మండుతది. నువ్వు మాట్లాడేటప్పుడు గిది గూడ చెప్పు, ఒక్క పొగడ్తలే చెప్పకు.

బ్రాడీపేట మాష్టారు:

మెతుకు సీమ తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మగ ఉపదేశికి జీతం, ఇల్లు, తర్వాత పాస్టరు గౌరవం ఉండేవి. బైబిలు స్త్రీకి తక్కువ జీతం, ఆమె పీఠం ఎక్కి మాట్లాడేది కూడా కాదు. చాలామంది విధవలు, పిల్లలు లేనివాళ్ళు, వాళ్ళకి ఇది అన్నం పెట్టిన పని, చేతిలో పుస్తకం పట్టుకుని ఊళ్ళోకి ధైర్యంగా నడిచే హక్కు ఇచ్చిన పని కూడా. రెండూ చెప్పు తల్లీ.

పేర్ల కోసం అయితే పాత చర్చిల్లో బాప్తిస్మపు రిజిస్టర్లు, పెళ్ళి రిజిస్టర్లు అడిగి చూడు, సాక్షుల సంతకాల దగ్గర చూడు. ఆ రోజుల్లో సంతకం చెయ్యగల ఆడమనిషి పల్లెలో ఒకళ్ళో ఇద్దరో ఉండేవాళ్ళు, అందులో బైబిలు స్త్రీ ఒకరు. వేలిముద్రల మధ్యలో గుండ్రటి చేతిరాతతో ఒక ఆడపేరు కనపడిందంటే అక్కడ ఆగి చూడు.

పలకాబలపం:

అందరికీ ఎట్లా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు, పొద్దున్నుంచీ మూడుసార్లు చదివా. మాష్టారు గారూ, ఫోటోలు అన్నీ తీశాను, మొత్తం నలభై మూడు పేజీలు. సర్టిఫికెట్ ఏం దొరకలేదు కాని సంచి అడుగున రాజమండ్రి రైలు టికెట్టు ముక్క ఒకటి దొరికింది, తేదీ చెరిగిపోయింది. బందరు కాలవ గారూ, మీరు రాసిన చాప సంగతి మా అమ్మమ్మకి చదివి వినిపిస్తే చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "మా అమ్మ కూడా ఏ ఇంట్లోనూ నీళ్ళు అడిగేది కాదే, సీసాతో తీసుకెళ్ళేది" అంది. ఇన్నేళ్ళల్లో ఈ మాట మాకు ఎప్పుడూ చెప్పలేదు. బావకి కూడా ఈ త్రెడ్ పంపాను, చదివి ఆ పేజీలు తనకి కూడా పంపమన్నాడు.

మెతుకు సీమ అన్నా, మీ పెద్దమ్మ గారి పేరు నాకు మెసేజ్ చెయ్యండి. గుండ్లకమ్మ గారూ మీ నాయనమ్మ గారి పల్లెకొచ్చిన ఆవిడ పేరు ఎవరికైనా గుర్తుంటే అదీ పంపండి. మీటింగులో మా తాతమ్మ పేరు, జూలియా, రూతు పేర్లతో పాటు ఈ పేర్లు కూడా చదువుతా. ఆదివారం ఆరాధన అయ్యాక నరసరావుపేట వెళ్తున్నా, అమ్మమ్మ చెల్లెలు అక్కడే ఉంది, తొంభై దాటింది, చిన్నప్పుడు తాతమ్మ వెంట సంచి మోసుకుంటూ తిరిగిందట. ఆ ఏడుసార్లు వెళ్ళిన ఇల్లు ఏదో ఆవిడకి తెలుసంటుంది అమ్మమ్మ.